మూపురం తుపాకి మార్పిడి

నా అరచేతుల మీద బొబ్బలు చూసి నవ్వేవాళ్ళంతా ముందు నాకో కప్పు కాఫీ పోసి, తరవాత నవ్వండి. క్లోవిస్, నువ్వు మాత్రం నవ్వకు. నీ కొట్లో కూర్చుని నీ కాఫీ తాగుతున్నానని మొహమాటపడను. ఈ కథలో సగం పాపం నీదే.

ఊళ్ళో నన్ను 'రేపు ఓవీడ్' అంటారని నాకు తెలుసు. వాకిలి తలుపు బాగుచెయ్యమంటే రేపంటాను, కోళ్ళగూటికి కప్పు వెయ్యమంటే రేపంటాను. బాతుల వేట విషయంలో మాత్రం ఏనాడూ ఆ మాట అనలేదు. నవంబరు వచ్చి, కోసిన వరిమళ్ళలో నీళ్ళు నిలిచి, పచ్చతల బాతులు గుంపులు గుంపులుగా చిత్తడి మీదకి దిగుతుంటే, నా అంత చురుకైన మనిషి మా గేడాన్ ఊరి చుట్టుపక్కల ఇరవై మైళ్ళలో దొరకడు. ఈ మాట మా ఆవిడ అజెలీ కూడా ఒప్పుకుంటుంది. కాకపోతే మెచ్చుకోలుగా కాదు.

మా ఇంట్లో ఉన్నది మూపురం తుపాకి. మా మావగారు డోసితే పెళ్ళినాడు మా ఇద్దరి చేతులూ దగ్గరికి చేర్చి వాటిలో పెట్టిన తుపాకి అది. వెనకభాగం ఎద్దు మూపురంలా ఎత్తుగా ఉంటుంది కాబట్టి దానికా పేరు. సెమీ ఆటోమేటిక్‌లలో అది పెద్దావిడ. పేలిందంటే గొట్టం మొత్తం వెనక్కొచ్చి మూపురంలోకి దూరి, ఖాళీ తూటాని కుడిపక్కకి విసిరేసి, కొత్త తూటాని నోట్లో పెట్టుకుని, మళ్ళీ ముందుకెళ్ళి కుదురుగా కూర్చుంటుంది. మనం చేసేదల్లా ట్రిగ్గరు నొక్కడం. ఇదంతా కళ్ళు ఆర్పేలోగా అయిపోతుంది. ఢాం, ఠక్-ఠక్. ఢాం, ఠక్-ఠక్. చట్టం ఒప్పుకునేది మూడు తూటాలే గానీ, అది ముప్పై ఇచ్చినా అలాగే కాలుస్తుందని మా మావగారి నమ్మకం. నలభై ఏళ్ళు ఆయన దాన్ని వానలో, బురదలో, ఉప్పునీళ్ళలో తిప్పారు. ఒక్కరోజు కూడా అది ఆయన్ని మోసం చెయ్యలేదు. ఆ మాటకొస్తే నన్నూ చెయ్యలేదు. ఆ పనేదో నేనే చేశాను.

ఎలాగంటారా? అక్టోబరులో ఈ క్లోవిస్ మహానుభావుడు నన్ను కొట్టు వెనక్కి పిలిచి, అట్టపెట్టె మూత తీసి చూపించాడు. కొత్త సెమీ ఆటోమేటిక్. వాల్‌నట్ కర్ర పిడి మీద చారలు సిరప్ పోసినట్టు మెరుస్తున్నాయి. ఇందులో గొట్టం కదలదట, తన పేలుడులో పుట్టిన పొగనే కాస్త పక్కకి లాక్కుని దాని బలంతో తూటా మార్చుకుంటుందట, భుజానికి దెబ్బన్నది తెలియదట. ఎత్తి భుజానికి ఆనించాను. దానంతటదే వచ్చి దవడ కింద ఒదిగింది. పెళ్ళిచూపుల్లో కూడా నాకంత గుండెదడ రాలేదు.

క్లోవిస్ సంగతి మీకు తెలుసు కదా, నాలుకంతా తేనె. మీ ఇంట్లో ఆ పాత మూపురం ఉందిగా, అది తెచ్చిచ్చి దీన్ని పట్టుకుపో, పైన ఒక్క డాలరు కూడా వద్దన్నాడు. పాత తుపాకులంటే సరదాపడే దొర ఒకడు లేక్ చార్ల్స్ పట్నంలో ఉన్నాడట.

ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు మాట కదిపాను. కదిపానో లేదో అజెలీ గరిటె కింద పెట్టేసింది. ఒక ఇంటికి ఒక మొగుడు, ఒక తుపాకి చాలు, రెండిట్లో ఏది మార్చాలన్నా ముందు మొగుణ్ణే మారుస్తానంది. అంతటితో ఆ రోజుకి చర్చ ముగిసింది.

మంచి మాటలతో కానప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఉపాయం పన్నుతాడు. తుపాకి ముసలిదైపోయిందని మా ఆవిడకి నమ్మకం కలిగించాలి, అదీ నా పథకం. సీజను మొదలైన దగ్గర్నుంచీ ఆరు బాతులు కొట్టగలిగిన చోట రెండే కొట్టి తెచ్చి, అరుగు మీద కూలబడి నిట్టూర్చడం మొదలెట్టాను. తూటా ఇరుక్కుపోతోంది అజెలీ, పాపం పెద్దదైపోయింది, మోకాళ్ళు పట్టేసిన ముసలమ్మలా ఉంది దాని పని, అనేవాణ్ణి. ఆవిడ బాతుల ఈకలు పీకుతూ వినేది. రెండు వారాలు విని విని, చివరికి ఒకరోజు అంది:

"సరే. శనివారం నేనూ వస్తా. నా కళ్ళతో చూసి, అది మొరాయిస్తే నీ ఇష్టం. ఇంట్లో మొరాయించే వస్తువుని పెట్టుకోనులే."

అజెలీ మాటంటే మాటే. కాని చిక్కేమిటంటే, మూపురం మొరాయించదే. దాన్ని మొరాయించేలా చెయ్యాలి. ఎలా చెయ్యాలో మావగారే నాకు ఎప్పుడో నేర్పారు, ఇలా వాడుకుంటానని తెలియక.

ఆ తుపాకిలో గొట్టం కింద ఒక పెద్ద స్ప్రింగు, దానితోపాటు ఒక ఉక్కు రింగు ఉంటాయి. బలమైన తూటాలు వాడేటప్పుడు ఆ రింగుని స్ప్రింగుకి పైన వెయ్యాలి, అప్పుడది గొట్టాన్ని బిగించి పట్టుకుని దెబ్బని ఆపుతుంది. తేలిక తూటాలైతే స్ప్రింగుకి అడుగున వెయ్యాలి, గొట్టం వదులుగా కదులుతుంది. మా మావగారిది ఎప్పుడూ తేలిక తూటాయే. బాతులా కూసే పీక ఊది బాతుని ముంగిట్లోకి రప్పించలేనివాడే బలమైన తూటా కొంటాడని ఆయన అంటారు. కాబట్టి మా రింగు ఎప్పుడూ అడుగునే ఉంటుంది. దాన్ని తీసి పైన పెట్టి, అదే తేలిక తూటా వేస్తే? గొట్టం సగం దూరం వెనక్కి వచ్చి, ఓపిక లేక ఆగిపోతుంది. ఖాళీ తూటా నోట్లోనే ఇరుక్కుంటుంది. ఇంత చిన్న మార్పు. ఎవరికి తెలుస్తుంది?

శుక్రవారం మధ్యాహ్నం అజెలీ వాళ్ళ నాన్నకి గంబో పులుసు క్యారేజీ ఇచ్చి రావడానికి వెళ్ళింది. నేను వంటింటి బల్ల మీద తుపాకి పెట్టి, ముందున్న మూత తిప్పాను. గొట్టాన్ని స్ప్రింగు లోపలినుంచి తోస్తూ ఉంటుందనీ, చేత్తో అదిమి పట్టుకోవాలనీ నాకు మూత ఊడాక గుర్తొచ్చింది. గొట్టం ముందుకు దూకి కాఫీ గిన్నెని తన్నింది. గిన్నె గోడని తన్నింది. కాఫీ గోడ మీదనుంచి సెయింటు మేరీ పటం మీదుగా కిందకి కారింది. చేతికి దొరికిన గుడ్డతో గోడా, పటమూ, నా చేతుల నూనే తుడిచి, గుడ్డ మళ్ళీ మేకుకి తగిలించేశాను.

రింగు మార్చి, గొట్టం కిందుండే కర్ర తొడుగు ఎక్కించబోతుంటే ఒకటి కనపడింది. ఆ తొడుగు లోపలివైపు, తుపాకి విప్పితే తప్ప ఎవరికీ కనపడని చోట, చాకు మొనతో పేరు చెక్కి ఉంది. అజెలీ. ఒక్కో అక్షరం పెట్టలేకపెట్టినట్టు, వంకరటింకరగా. మా మావగారు బడికి వెళ్ళింది రెండేళ్ళే. నా పేరు ఎక్కడైనా ఉందేమోనని తొడుగు తిప్పి చూశాను. లేదు.

అప్పుడే ఆగాల్సింది. గుండెలో ఎక్కడో కలుక్కుమంది కూడా. కాని కొత్త తుపాకి పిడి దవడ కింద ఒదిగిన సుఖం గుర్తొచ్చి, చూసి కూడా చూడనట్టు తొడుగు బిగించేశాను.

శనివారం తెల్లవారుజామున పడవ దగ్గరికి వెళ్ళేసరికి అక్కడున్నది అజెలీ ఒక్కతే కాదు. మధ్య బల్ల మీద దుప్పటి కప్పుకుని మావగారు కూర్చుని ఉన్నారు. ఆయనకి చూపు పోయి మూడేళ్ళయింది, వెలుగూ చీకటీ తేడా మాత్రం తెలుస్తుంది. నాన్న ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు, తీసుకొచ్చానంది అజెలీ. చూపు లేని మనిషి వల్ల వచ్చే ప్రమాదమేముందిలే అనుకున్నాను. మోటారు తాడు తొమ్మిదిసార్లు లాగితే పదోసారి అందుకుంది. కాలువ వెంట రెండు మైళ్ళు పోయి, మోటారు ఆపి, గెడ వేసి తుంగలోకి నెట్టి, మాటులో చేరాం. ఎరగా కొయ్యబాతులు నీళ్ళ మీద వదిలాను.

తెల్లారింది. మావగారు పీక తీసి ఊదారు. ఆయన ఊదితే బాతులే కాదు, నాక్కూడా వెళ్ళి ఆ నీళ్ళలో దిగాలనిపిస్తుంది. అయిదు పచ్చతలలు ఒక చుట్టు తిరిగి, రెక్కలు బిగించి, కాళ్ళు చాపి మా ముందుకి దిగాయి.

లేచి కాల్చాను. ఒకటి పడింది. రెండోదాని మీదకి తిప్పి ట్రిగ్గరు నొక్కాను. ఏమీ లేదు. ఖాళీ తూటా సగం బయటికొచ్చి, పొగ కక్కుతూ, పళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. మిగిలిన నాలుగూ మా నెత్తిమీదనుంచే వెళ్ళిపోయాయి. అబ్బ, ఎంత చక్కగా మొరాయించిందో. నేను రెండు చేతులూ చాచి అజెలీ వైపు తిరిగాను.

"చూశావా? నేనేమన్నా? దీని పని అయిపోయింది. క్లోవిస్ కనీసం మార్పిడికైనా తీసుకుంటానంటున్నాడు, అది మన అదృష్టం."

నోరు జారింది. మార్పిడి మాట మావగారి ముందు అప్పటిదాకా నేను ఎత్తలేదు. మావగారు పీకని మెల్లిగా చొక్కాలోకి జార్చుకున్నారు.

"ఇచ్చేస్తున్నారా దీన్ని?" అన్నారు.

ముసలిదైపోయింది మావయ్యా, అన్నాను. ఆయన తల ఊపారు. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నారు:

"నాకిప్పుడు బాతులు కనపడవు అల్లుడూ. చిత్తడి వైపునుంచి పొద్దున్నే దీని దెబ్బ వినపడుతుందే, అదే నా వేట. ఢాం, ఠక్-ఠక్. ఇదిగో, అల్లుడు కాల్చాడు, ఇదిగో, గురి తప్పాడు అని మంచం మీదనుంచే చెప్పేవాణ్ణి."

గురి తప్పాడన్నది ఎలా తెలిసేదో నేను అడగలేదు. పడవ అడుగున ఎక్కడైనా చోటుంటే దూరిపోదామని వెతికాను. ఇంతలో ఆయన తల పక్కకి వంచారు.

"ఇంకొక్కసారి కాల్చు. గాల్లోకే."

చేత్తో లాగి ఖాళీ తూటా తీసేసి, మరొకటి వేసి కాల్చాను. ఢాం. అంతే. మళ్ళీ ఇరుక్కుంది.

"గొట్టం పూర్తిగా వెనక్కి రాలేదు," అన్నారు. "స్ప్రింగు బాగానే ఉంది, దాని గొంతు నాకు తెలుసు. ఏ తూటాలు?"

"నువ్వు వాడేవే నాన్నా, తేలికవే," అంది అజెలీ.

"అయితే రింగు పైన పెట్టారు. నేను అడుగున పెట్టి ఇచ్చాను. దానంతటది ఎక్కదు అది."

చలికాలమేగాని నాకు టోపీ కింద చెమట పట్టింది. అజెలీ నా వైపు చెయ్యి చాపింది. తుపాకి ఇచ్చాను. ఆవిడ తూటాలన్నీ తీసేసి, గొట్టం ఆకాశానికి పెట్టి, ఒళ్ళో ఆనించి, గొట్టాన్ని ఎడంచేత్తో అదిమి పట్టుకుని మూత తిప్పింది. అవును, అదిమి పట్టుకుని. తొడుగు వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది. గొట్టం నాకు పట్టుకోమని ఇచ్చింది. చలికి నా వేళ్ళు కొయ్యబారాయి గానీ ఆవిడ వేళ్ళు మాత్రం అల్లికపని చేస్తున్నట్టు తిరుగుతున్నాయి. రింగు తీసింది, స్ప్రింగు తీసింది, రింగు అడుగున వేసింది, స్ప్రింగు పైన ఎక్కించింది. మావగారు ఈలోగా తొడుగు లోపల వేలితో తడుముతూ, ఆ వంకర అక్షరాలు ఒక్కొక్కటే చదువుకుంటున్నారు. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

"అజెలీకి పదకొండేళ్ళప్పుడు చెక్కాను," అన్నారు నాతో. "కళ్ళు మూసుకుని తుపాకి విప్పి బిగిస్తే తన పేరు పెడతానన్నా. బిగించింది."

అదన్నమాట సంగతి. పద్నాలుగేళ్ళుగా ఆ తుపాకిని నేను కాల్చి తెచ్చి మూల పెట్టడమే గాని, విప్పి తుడిచి నూనె పెట్టేదెవరని ఏనాడూ ఆలోచించలేదు. అదేదో దానంతటదే శుభ్రపడుతుందనుకున్నాను, నా చొక్కాల్లాగే.

తొడుగు బిగించి, మూడు తూటాలు వేసిందో లేదో, మావగారు 'వస్తున్నాయి' అన్నారు. నాకు ఒక్కటీ కనపడలేదు. ఆయన పీక ఊదారు. రెల్లు మీదుగా మూడు సూదితోక బాతులు జారుకుంటూ వచ్చాయి. అజెలీ లేచింది. తుపాకి ఎప్పుడు భుజానికి చేరిందో నేను చూడలేదు. ఢాం, ఠక్-ఠక్. ఢాం, ఠక్-ఠక్. ఢాం, ఠక్. మూడు ఖాళీ తూటాలు వరసగా నా టోపీ మీద పడ్డాయి, మూడు బాతులు వరసగా నీళ్ళ మీద పడ్డాయి. మళ్ళీ ఏమీ జరగనట్టు కూర్చుని, జడలోంచి రెల్లుపువ్వు తీసుకుంది.

"మూడూ," అన్నారు మావగారు, నీళ్ళ చప్పుడు వినే. తరవాత చాలాసేపు ఆయన నవ్వు ఆపలేదు.

ఒట్టేసి చెబుతున్నాను, నేను చూసిన తుపాకి పనితనంలో అంత అందమైనది ఇంకోటి లేదు. ఆ యంత్రాన్ని తయారుచేసినవాడు ఎవడోగాని, అది అలాంటి చేతుల్లో ఉండాలనే తయారుచేసి ఉంటాడు. ఆ మాట అక్కడే, అప్పుడే అజెలీకి చెప్పాను. చెప్పి, తప్పయిపోయిందన్నాను.

"తెలుసు," అంది.

"ఎప్పటినుంచి?"

"నిన్న సాయంత్రం మేకుకున్న నా ఏప్రన్ తీస్తే ఒకపక్క కాఫీ, ఒకపక్క తుపాకి నూనె. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆ నూనె సీసా ఎక్కడుంటుందో అడిగిన పాపాన పోలేదు నువ్వు. నిన్న తుపాకి మీద అంత ప్రేమ పుట్టుకొచ్చిందేమిటా అనుకున్నా. సెయింటు మేరీ కూడా కాఫీ తాగినట్టుంది."

మరి అప్పుడే రింగు సరిచెయ్యకపోయావా అన్నాను. నేను సరిచేస్తే నీకు నోరు మూతపడుతుంది గానీ బుద్ధి రాదు, అందుకే నాన్నని తెచ్చానంది.

ఇంటికొచ్చాక తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు. గంబో వడ్డించి, ఇంకో రెండు గరిటెలు వేసి, నీకు ఆ కొత్త తుపాకి అంత ముద్దుగా ఉందా అనడిగింది. ఉందన్నాను, నేల చూస్తూ. అయితే తెచ్చుకుందాం, క్లోవిస్‌తో నేను మాట్లాడతానంది. నేను చెంచా జారవిడిచాను. నేనెంత దుర్మార్గుణ్ణో, ఆవిడ ఎంత దేవతో అని ఆ రాత్రంతా అనుకున్నాను. దేవతలు ఎంత తెలివైనవాళ్ళో ఆ క్షణాన గుర్తురాలేదు.

సోమవారం వడ్ల మిల్లునుంచి వచ్చేసరికి వంటింటి బల్ల మీద కొత్త తుపాకి. పక్కన మూల మూపురం తుపాకి, ఎక్కడిదక్కడే. రెండూ ఇంట్లోనే ఉన్నాయి. అజెలీని ఎత్తి గిరగిరా తిప్పాను. ఇది నాది, అది నీది, ఇంక నువ్వూ నేనూ మావయ్యా ముగ్గురం వేటకెళ్దామన్నాను. అలాగే వెళ్దామంది.

శనివారం తుపాకి ముద్దుగా దుప్పట్లో చుట్టి పడవ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళిద్దరూ అప్పటికే ఎక్కి కూర్చున్నారు. పడవ వెనక్కి వెళ్ళి తాడు కోసం చెయ్యి చాపాను. చేతికి గాలి తగిలింది. మోటారు ఉండాల్సిన చోట రెండు మరల గుర్తులున్నాయి.

"మార్పిడి లేకుండా ఇవ్వడటగా క్లోవిస్," అంది అజెలీ. "ఇంట్లో మొరాయించే వస్తువు ఏదుందా అని చూశా. పదిసార్లు లాగితే గానీ అందుకోనిది అదొక్కటే."

మావగారు పక్కనున్న గెడ తడుముకుని తీసి, ఎంతో మర్యాదగా నా చేతికి అందించారు.

రెండు మైళ్ళు, నాయనలారా. వెళ్ళడానికి రెండు, రావడానికి రెండు, ఎదురుగాలి వేరే. ముందు బల్ల మీద మహారాణి మూపురం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. మధ్యలో మావగారు పీక ఊదుతుంటారు. వెనక నేను. మాటులో చేరేసరికి నా చేతులు రెండూ తడిగుడ్డల్లా వేలాడుతుంటాయి, తుపాకి ఎత్తుదామంటే మోచెయ్యి పైకి లేవదు. లేచేలోగా ముందునుంచి ఢాం, ఠక్-ఠక్ మొదలవుతుంది. పడినవాటిని ఎవరు తేవాలి? మా కుక్క పోయిన ఏడే పోయింది. గెడ ఎవరి దగ్గరుంటే వాళ్ళే. నేను తుంగలో బాతుల్ని వెతికి ఏరుకొచ్చేసరికి మళ్ళీ ఢాం, ఠక్-ఠక్. ఆరు వారాలుగా ఇదే వరస. మా ఇంట్లో గంబోకి ఈ చలికాలం బాతులకి కొదవ లేదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

నా కొత్త తుపాకి బంగారంలాంటిది. పిడి మీద ఆ చారలు చూడాలి మీరు. ప్రతి ఆదివారం అజెలీ రెండు తుపాకులూ విప్పి, తుడిచి, నూనె పెడుతుంది. మూపురానికి మసి తుడుస్తుంది, కొత్తదానికి దుమ్ము తుడుస్తుంది.

నిన్న తిరుగుప్రయాణంలో నేను రొప్పుతూ గెడ వేస్తుంటే, మావగారు మధ్య బల్ల మీదనుంచి నా వైపు తిరిగారు. ఆయనకి ఈ మధ్య ఆరోగ్యం బాగా కుదిరింది, మొహంలో కళ వచ్చింది.

"అల్లుడూ, అడుగుదామనుకుంటూనే ఉన్నా," అన్నారు. "ఆ కొత్త తుపాకి సంగతేమిటి? ఒక్కసారి కూడా దాని గొంతు వినపడలేదు. మొరాయిస్తోందా?"

ముందు బల్ల మీద అజెలీ భుజాలు నవ్వుతో కదలడం మొదలెట్టాయి. నేను గెడ మళ్ళీ బురదలో దించి, నెట్టాను.